ఒకటి యెక్కడ నున్నది?

ఈ మాసము మాకు చేరిన జాబులలో ఊరగాయలు బూజు పట్టకుండ నుంచుటను గూర్చియు, పసిబిడ్డల దగ్గును గూర్చియు ఎప్పటివలె పెక్కు ప్రశ్నలు గలవు. వానికి వచ్చు మాసము ప్రత్యుత్తరము లిచ్చెదము. ఇప్పుడు మాత్రము ఒక్క జాబునకే యీ పుటలు వినియోగింప దలచితిమి. వ్రాసిన సోదరి తన పేరును ఊరును ప్రకటింపవలదని కోరిరి గావున ఆ వివరములు విడుచుచున్నాము.

ఆ సోదరి కుమార్తెకు ఎనిమిదవ యేడు. ఒకనాడు బడిలో 4ను 3ను కూడి 8 అని వ్రాసినదట. ఉపాధ్యాయిని తప్పు పెట్టగా, "ఈ లెక్కలు వాటంతట అవి యున్నవా, మనుష్యులు చేసిరా?" అని పిల్ల యడిగినది. మనుష్యులే చేసిరని ఆమె చెప్పినది. "మనుష్యులు చేసినవైన మనము మార్చుకొనవచ్చును గదా! నాది తప్పెట్లగును?" అని పిల్ల యన్నది. అందులకు ఫలము, తక్కిన పిల్లలందరు నవ్వుచుండగా గంటసేపు బల్లమీద నిలుచుట. ఇంటికి వచ్చి తల్లి నడిగినది. తల్లికి ఉత్తరము తోచలేదు. నాయనమ్మ, "ఆడపిల్లకు ఇంత వాదమేమిటే?" అని గద్దించినది. నాటినుండి పిల్ల లెక్కల పుస్తకము తాకుట లేదు. "అది యడిగినది తప్పా? నేనేమి చెప్పవలసి యుండెను?" అని సోదరి మమ్ము ప్రశ్నించిరి.

తప్పు కాదు. మేమును మొదట చదివి నవ్వితిమి. పిదప ఉత్తరము వ్రాయ గూర్చుండి నాలుగు కాగితములు చింపితిమి. గణితశాస్త్రమున తలలు పండినవారికే యిందు ఏకాభిప్రాయము లేదు. జర్మనీ దేశపు క్రోనెకర్ (1823–1891) పూర్ణసంఖ్యలు మాత్రమే భగవంతుడు చేసినవనియు, తక్కినవన్నియు మనుష్యుని చేతిపనియే యనియు తలచెనని చెప్పుదురు. మన రామానుజుని కేంబ్రిడ్జికి రప్పించిన హార్డీ, 1940లో ప్రకటించిన గ్రంథమున, గణితసత్యములు మన వెలుపలనే యున్నవనియు, మనము వానిని కనుగొందుమే గాని కల్పింపమనియు వాదించెను. ఇంతటివారు తేల్చని సంగతిని ఆ పసిపిల్ల యడిగినది.

మొదట ఉపాధ్యాయిని పక్షము చూతము. సంఖ్యల పేరులును గుర్తులును మన కల్పితములే. ఇందు సందేహము లేదు. మన భాషనే చూడుడు. గంపలో మామిడిపండ్లు మూడు; వాకిట నిలిచిన చుట్టములు ముగ్గురు. "మూడు చుట్టములు" అనిన చిన్నపిల్లలును నవ్వుదురు. పండ్ల మూడు వేరు, మనుష్యుల మూడు వేరు అన్నట్లున్నది గదా! రెండు చెప్పులు జత; రెండెడ్లు జోడు; ఒక్క కాన్పున పుట్టిన యిద్దరు కవలలు. చింతగింజలను నాలుగేసి లెక్కించు ముసలమ్మలకు పుంజీలు. ధాన్యము కొలుచువారు మొదటి కుంచమును ఒకటి యనక "లాభము" అనుట పల్లెలలో పెద్దల నాటి యాచారము. సోల, తవ్వ, మానికలు 1956 నాటి చట్టము పిదప క్రమముగా అంగళ్లనుండి తొలగి కిలోలు వచ్చినవి. డబ్బాలోని బియ్యము గింజయైనను మారలేదు. దానికి చెప్పు సంఖ్య మాత్రము మారినది.

ఈ పక్షమునకు మిక్కిలి ప్రాచీనమైన సాక్ష్యము నేటి ఇరాకులోను, ఆ చుట్టుపట్ల దేశములలోను మట్టిలో దొరకినది. అక్కడి త్రవ్వకములలో చిన్నచిన్న మట్టిబిళ్లలు, గోళీలు, మొనదేరిన కుప్పెలు వేలకొలది బయటపడినవి. డెనీస్ ష్మాంట్-బెసెరా అను విదుషి అనేక వస్తుప్రదర్శనశాలలు తిరిగి వీనిని పరిశీలించి, ఇవి యాటవస్తువులు గావు, లెక్కసాధనములని చెప్పినది. ఆమె మతమున ఒక్కొక్క యాకృతి ఒక్కొక్క సరకునకు గుర్తు. కుప్పెవంటిది చిన్న కొలత ధాన్యము. గుడ్డువంటిది జాడీడు నూనె. ఐదు జాడీల నూనె యనిన ఐదు మట్టిగుడ్లు. నూనెగుడ్డుతో ధాన్యమును లెక్కించుట లేదు. అనగా ఒంటరిగా "ఐదు" అనునది వారికి లేదు. నూనె, నూనె, నూనె, నూనె, నూనె యనుట మాత్రమే యున్నది. క్రీస్తునకు పూర్వము 3500 ప్రాంతమున ఈ బిళ్లలను బోలుగానున్న మట్టియుండలో మూసి, లోపల నేమున్నదో తెలియుటకై వెలుపల వానినే యద్దుట మొదలు పెట్టిరి. వెలుపల ముద్ర యున్నప్పుడు లోపల బిళ్ల లెందుకని కొంతకాలమునకు ఎవరికో తోచినది. ముద్రలు మట్టిపలకమీదికి వచ్చినవి. ఆ పిదపనే సరకునకు వేరు గుర్తు, ఎన్ని యనుటకు వేరు గుర్తు ఏర్పడి, ఐదు అనునది నూనెనుండి విడివడినది. ఆమె చెప్పిన వివరములన్నింటిని పండితు లందరు అంగీకరింపలేదు. అయినను మాకిందు నచ్చిన దొకటి గలదు. సంఖ్యను వస్తువునుండి విడదీసినవారు ఆకసమును చూచి తపస్సు చేసినవారు గారు; కొట్టులో నూనెలెక్క చూచుకొనినవారు.

మరి సంఖ్యలకు పేరులే లేనివారి గతి యేమి? దక్షిణ అమెరికాలో, బ్రెజిలు దేశమున మైసీ నదీతీరపు అడవులలో పిరహా యను చిన్నజాతి గలదు. వారి భాషలో ఖచ్చితముగా ఒకటి యను మాటయు లేదని 2008లో ప్రకటింపబడిన పరిశోధన చెప్పుచున్నది. వస్తువులను ఒక్కొక్కటి చేర్చుచు చూపినపుడు ఒక్కదానికి వాడిన మాటనే, పదినుండి ఒక్కొక్కటి తీసివేయుచు చూపినపుడు ఆరింటికిని వాడిరట. "కొంచెము" అని దాని యర్థము కావలెను. అయినను, దారపురీళ్లను వరుసగా నిలిపి, వాని యెదుట అన్నియే రబ్బరు బుడగలు పెట్టుడనగా చక్కగా పెట్టిరి. రీళ్లను మరుగుపరచినపుడు తడబడిరి. కావున మాట లేకున్నను సరిసమానమను జ్ఞానము గలదు. ఆ లెక్కను కనుచాటునకు మోసికొని పోవుటకు మాట కావలెను. పాలలెక్కకు గోడమీద గీతలు గీయు ఇల్లాలు దీనిని వెంటనే గ్రహింపగలదు.

ఇక రెండవ పక్షము. మాటయే రాని పసిపాపలకు లెక్క తెలియునా? అమెరికాలో కారెన్ విన్ అను విదుషి 1992లో అయిదు నెలల బిడ్డలను పరీక్షించినది. బిడ్డకు ఒక బొమ్మను చూపి, తెర యడ్డము పెట్టి, బిడ్డ చూచుచుండగానే తెరవెనుక రెండవ బొమ్మను చేర్చుదురు. తెర దించగా ఒకప్పుడు రెండు బొమ్మలుండును. మరొకప్పుడు దొంగచాటుగా నొకటి తీసివేయుటచే ఒక్కటే యుండును. ఒక్కటే కనబడినపుడు బిడ్డలు ఎక్కువసేపు తేరిపార చూచిరట. అది లెక్క గాదు, వస్తువు జాడ పట్టుట మాత్రమే యని వాదించువారును గలరు. తల్లులకు ఈ సంగతి క్రొత్త గాదు. రెండు చేతులలో రెండు బిస్కత్తులుండగా ఒకటి మాయమైన బిడ్డ యెంత రాగము తీయునో మన మెరుగనిదా?

బిడ్డలకైనను మెదడు గలదు. మెదడే లేని యొక మొక్క కథ వినుడు. అమెరికాలోని కరోలినా ప్రాంతపు చిత్తడినేలలలో వీనస్ ఫ్లైట్రాప్ అను ఈగలు పట్టు మొక్క పెరుగును. దాని యాకు తెరచిన పుస్తకమువలె రెండు రెక్కలుగా నుండును. రెక్కలమీద సన్నని రోమములు గలవు. ఒక రోమము ఒక్కసారి తగిలిన ఆకు కదలదు. ఇంచుమించు ఇరువది సెకండ్లలోపల రెండవసారి తగిలినచో చటుక్కున మూసికొనును. గాలికి పడిన చెత్తకు, వానచినుకునకు నోరు మూసి వృథాగా శ్రమపడకుండుట కీ యేర్పాటు. లోపల జిక్కిన పురుగు కొట్టుకొనుచు ఇంచుమించు అయిదుసార్లు రోమములను తాకిన పిదప జీర్ణరసములు తయారగుట మొదలగునని జర్మనీలోని వూర్జ్‌బుర్గ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2016లో చూపిరి.

అయిన మొక్క లెక్కించుచున్నదా? మా తలంపున లెక్కించుట లేదు. మొదటి తాకుడుకు ఆకులో కాల్షియమను ధాతువు కొంత హెచ్చును, వెంటనే తగ్గ నారంభించును. అది తగ్గిపోకముందే రెండవ తాకుడు పడినచో పొంగు అంచు దాటును. చిల్లుకుండలో చెంబు వెంట చెంబు నీరు పోసిన నిండును, ఆలసించి పోసిన నిండదు. కుండకు రెండు తెలిసెనని యందుమా? రెండు అని చెప్పినది మనము. అట్లని ఒక్క తాకుడునకును రెండు తాకుడులకును గల భేదము మన కల్పన గాదు. మనము పుట్టకముందును ఆ యాకు ఒకదానికి తెరచియే యుండెను, రెండింటికి మూసికొనెను.

ఇంతవరకు వచ్చి మేము చిక్కుపడితిమి. ఇరుపక్షములును నిజమువలెనే కనబడుచున్నవి. తుదకు మాకు దారి చూపినది వంటయిల్లు. మానెడు శనగలలో మానెడు నువ్వులు పోసి కలిపి మరల కొలువుడు. రెండు మానికలు రావు. నువ్వులు శనగల సందులలో దూరును. ఒక నీటిబొట్టును మరొక నీటిబొట్టుతో కలిపిన ఒక్క బొట్టే యగును. ఒకటియు నొకటియు రెండను మాట అబద్ధమైనదా? కాలేదు. మన మెంచిన "ఒకటి" తప్పు. తూచి చూచినచో శనగల బరువును నువ్వుల బరువును కలిసి సరిగా వచ్చును. గింజ ఒకటా, మానిక ఒకటా, బరువు ఒకటా యని మొదట నిర్ణయించుకొనవలసినది మనమే. ఇల్లు ఒకటా, పొయ్యి ఒకటా? అన్నదమ్ములు వేరుపడిన యింట ఈ ప్రశ్న యెంత కలహమునకు మూలమో చదువరులకు వేరుగ చెప్పనక్కర లేదు. ప్రకృతిలో దేనిమీదను "ఇది యొకటి" అని చీటి యంటించి యుండదు.

కాని ఒక్కసారి ఒకటి యేదో నిర్ణయించిన పిదప మన స్వతంత్రము తీరిపోవును. ఏడు చింతగింజలు తీసికొని రెండు సమానమైన వరుసలుగా పేర్చ బూనుడు, కుదరదు. మూడు వరుసలుగ పేర్చుడు, ఒకటి మిగులును. ఏడును ఎనిమిది యని పిలిచినను కుదరదు. తెలుగులో పిలిచినను అరవములో పిలిచినను కుదరదు. దీనిని ఏ రాజును శాసింపలేదు, ఏ ఋషియు విధింపలేదు.

అమెరికాలో సికాడా యను కీటకములు గలవు. మన కీచురాళ్లకంటె పెద్దగా రొదచేయును. వానిలో కొన్ని తెగలు భూమిలోపల చెట్ల వేళ్ల రసము త్రావుచు పెరిగి, కొన్ని 13 ఏండ్లకు, కొన్ని 17 ఏండ్లకు లక్షలకొలదిగా ఒక్కమారు వెలికి వచ్చి, కొలది వారములలో గ్రుడ్లు పెట్టి చచ్చును. చీకటిలో నున్న పురుగునకు ఏడు గడచెనని యెట్లు తెలియును? పదునైదేండ్ల వయసు పురుగులను కొన్ని, ఏడాదికి రెండుసార్లు పూయునట్లు చేసిన చెట్ల వేళ్లకు మార్చి పెంచగా, అవి ఒక యేడు ముందుగా వెలువడినవని 2000లో ప్రకటించిరి. చెట్టు రసములో వచ్చు వసంతములే వాని పంచాంగ మన్నమాట. 1803లో ఒక 13 ఏండ్ల తెగయు, ఒక 17 ఏండ్ల తెగయు ఒక్క యేటనే వెలువడినవి. 13ను 17తో హెచ్చవేయగా 221. ఆ రెండు తెగలు మరల కలిసికొనినది 2024లో. 1803కు 221 చేర్చి చూచుకొనుడు. ఎక్కము నేర్వని పురుగులు ఎక్కము తప్పలేదు. 13, 17 వంటి విభజింపరాని సంఖ్యల వలన శత్రువుల కండ్లు గప్పవచ్చునని కొంద రూహించిరి. అది యింకను వాదములో నున్నది.

ఛందస్సు నేర్చిన సోదరీమణులకు మరియొక వేడుక చెప్పెదము. లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు. రెండు మాత్రలను నింపుటకు రెండు విధములు: రెండు లఘువులు, లేక ఒక గురువు. మూడు మాత్రలకు మూడు విధములు, నాలుగింటికి ఐదు, ఐదింటికి ఎనిమిది. ముందరి రెండింటిని కూడిన తరువాతిది వచ్చును. ఈ సంగతిని విరహాంకుడును, పన్నెండవ శతాబ్దిలో హేమచంద్రుడును ఎరుగుదురు. ఇటలీ దేశపు లియొనార్డో దీనిని 1202లో కుందేళ్ల లెక్కగా వ్రాసెను. ఈ వరుసలోనివే 34, 55. పొద్దుతిరుగుడు పువ్వు నడుమ గింజల సుడులను ఒకవైపునకు లెక్కించి, మరల రెండవవైపునకు లెక్కించిన తరచుగా ఈ సంఖ్యలే వచ్చును. క్రొత్త మొగ్గ పాతవాని నడుమ చోటు చూచుకొని పెరుగుటయే కారణము. అన్ని పువ్వులును ఈ నియమమునకు లొంగవు. గురులఘువులు మన యేర్పాటు. వాని విధము లెన్ని యగునో మన యేర్పాటు గాదు.

మనము పూర్తిగా కల్పించితిమని తోచు సంఖ్యలును ఇట్లే యెదురు తిరుగును. చెట్టున ఋణ మామిడికాయ కాయదు. అయినను బ్రహ్మగుప్తుడు 628లో సున్నకును, ధనమునకును, ఋణమునకును కూడికలు తీసివేతలు నియమించెను. సున్ననుండి ఋణమును తీసివేసిన ధనమగునని యతని సూత్రము. ఇది విని తల గోకుకొనువారు, అప్పిచ్చిన వదినె "ఆ అయిదు రూపాయలు నీవే యుంచుకొమ్ము" అనిన నాటి సంతోషమును జ్ఞప్తికి దెచ్చుకొనిన చాలును. ఐరోపాలో పద్దెనిమిదవ శతాబ్ది దాకను ఈ సంఖ్యలను శంకించినవారు గలరు. తెలుగులోను గణితము నిన్న మొన్నటిది గాదు. పావులూరి మల్లన మహావీరుని గణితగ్రంథమును పద్యములలో తెలిగించెను.

ఇప్పుడు పిల్ల ప్రశ్నకు వత్తము. "మనుష్యులు చేసినవైన మార్చుకొనవచ్చును గదా" అన్నది. కూడిక ఫలమును మార్చరాదు. దేనిని ఒకటిగా నెంచవలెనో దానిని మార్చవచ్చును. ఇది చిన్న సంగతి గాదు. 2001 నాటి జనాభా లెక్కలలో, ఇంటివాడుకకు మాత్రమే పాడి నడుపు స్త్రీని పనివారిలో చేర్చిరి. ఆ పాలు కాచి, తోడుపెట్టి, చల్ల చేసి, వంట వండి వడ్డించుట మాత్రమే చేయు స్త్రీని పని లేనివారిలో చేర్చిరి. 2011లోను గృహకృత్యములు మాత్రమే చేయువారు పని లేనివారే. కూడికలో దోషము లేదు. పితుకుట ఒకటి, కాచుట సున్న యని యెవరో ముందుగ నిర్ణయించిరి; ఆ పిదప కూడిక తన ధర్మము తాను నెరవేర్చినది. 2019లో భారత ప్రభుత్వమువారు గంటలను ఒకటిగా నెంచి మరియొక లెక్క తీసిరి. వేతనము లేని యింటిపనులు చేయు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, అట్టి పనులు చేయు పురుషులు 97 నిమిషములును వెచ్చించుచున్నారని తేలినది. ఆ యిండ్లే, ఆ యిల్లాండ్రే. ఒకటి మారినది, చిత్రము మారినది. బల్లమీద నిలిచిన పిల్ల ఈ తావున ఉపాధ్యాయినికంటె దూరము చూచినదని మేము నమ్ముచున్నాము.

కావున సోదరి చేయవలసిన దేమనగా, మొదట ఆ పిల్ల ప్రశ్న మంచిదని నాయనమ్మ వినుచుండగనే చెప్పవలెను. పిదప దోసెడు చింతగింజలు తెచ్చి, నాలుగును మూడును కలిపి, "దీనికి నీ యిష్టము వచ్చిన పేరు పెట్టుకొమ్ము, ఎనిమిది యనియే పిలువుము" అని, రెండు సమానమైన వరుసలుగా పేర్చుమనవలెను. పేర్చలేక విసిగిన పిదప మరియొక గింజ నిచ్చి మరల పేర్చుమనవలెను. నాయనమ్మను గూడ ఆటకు కూర్చుండబెట్టిన మంచిది. పుంజీలు లెక్కించుటలో ఆమెకు ఎదురుండదు. పిల్ల తరువాత నేమి యడిగినదో మాకు వ్రాయ గోరుచున్నాము. ఊరగాయల బూజు సంగతి వచ్చు మాసము.